బ్లాక్ ఐలండ్ ఫెర్రీ: కారు ఒడ్డునే వదిలి ఎక్కండి

అమెరికాలోకెల్లా చిన్న రాష్ట్రం రోడ్ ఐలండ్. బోస్టన్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మనవాళ్లలో చాలామంది న్యూపోర్ట్‌లో బ్రేకర్స్ భవంతి చూసి, క్లిఫ్ వాక్ మీద నాలుగు ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. ఇంకొక్క రోజు చేతిలో ఉంటే, ఈ రాష్ట్రానికే చెందిన చిన్న దీవి బ్లాక్ ఐలండ్‌కే ఇవ్వాలి.

పాయింట్ జూడిత్ దగ్గర గెలిలీ రేవు నుంచి రెండు రకాల ఫెర్రీలున్నాయి. మామూలుదానికి దాదాపు 55 నిమిషాలు, హైస్పీడ్‌కి అరగంట. నా ఓటు మామూలుదానికే. పై డెక్ మీద కూర్చుని సముద్రం చూస్తూ వెళ్లొచ్చు, కాలినడకన ఎక్కేవాళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. జులైలో కూడా అక్కడ గాలికి వణుకు పుడుతుంది, పిల్లలకు జాకెట్లు పెట్టుకోండి. కారు ఎక్కించాలంటే మాత్రం చాలా ముందుగా బుక్ చేసుకోవాలి, ఖర్చూ ఎక్కువే. ఏడు మైళ్ల పొడవు కూడా లేని దీవికి కారెందుకు? రేవు ఎదుట డబ్బులు కట్టి పార్క్ చేసే స్థలాలున్నాయి. వేసవి శనివారాల్లో రేవుకి వెళ్లే 108 రోడ్డు జామైపోతుంది కాబట్టి గంట ముందే చేరాలి.

దీవిలోని ఓల్డ్ హార్బర్ రేవులో దిగగానే సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. మోపెడ్లూ ఇస్తారుగానీ మట్టిరోడ్లపై వాటికి అనుమతి లేదు. సముద్రం అంచున నిటారుగా ఉండే కొండలు మొహీగన్ బ్లఫ్స్ రెండు మైళ్లు, దారంతా ఎత్తుపల్లాలే. గేర్లున్న సైకిలే తీసుకోండి. దారిలోనే 1875 నాటి ఇటుకల సౌత్ఈస్ట్ లైట్‌హౌస్ వస్తుంది. కొండ అంచు కోసుకుపోతోందని 1993లో ఆ కట్టడాన్ని మొత్తంగా సుమారు 300 అడుగులు వెనక్కి జరిపారు! బ్లఫ్స్ నుంచి బీచ్‌కి నూట నలభై దాకా చెక్కమెట్లు. అవి అయిపోయాక చివర్లో బండరాళ్ల మీద దిగాలి, అక్కడ చెప్పులు జారతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైనుంచే చూడటం మేలు.

పొదల మధ్య కాలిబాటల్లో నడిస్తే లైమ్ అనే జబ్బు తెచ్చే టిక్స్‌తో (ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పిడుదులు) జాగ్రత్త. ఫుల్‌ప్యాంటు వేసుకుని, బాట మధ్యలోనే నడిచి, తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక వెతుక్కోవాలి.

శాకాహారులకు హోటళ్లలో పెద్దగా ఏమీ దొరకదు. చౌడర్ అంటే ఆల్చిప్పల సూపే, ఫ్రైస్ కూడా చేపలు వేయించిన నూనెలోనే వేయొచ్చు, అడిగి తినండి. పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత.

తిరుగు పడవల వేళలు ముందే రాసిపెట్టుకోండి. ఆఖరిది తప్పిపోతే దీవిలో టెంటు వేయనివ్వరు, వేసవిలో గదులు దొరకడమూ కష్టమే.