రెండు భాగాల మీట్‌లోఫ్ పాన్: నాలుగు నెలలు వాడాక

మా అత్తయ్యగారి చేతిరాతలో ఒక మీట్‌లోఫ్ (ఖీమాని బ్రెడ్ ఆకారంలో ముద్దగా చేసి ఓవెన్‌లో కాల్చే వంటకం) రెసిపీ కార్డు ఉంది, వాళ్ళమ్మగారు వంట చేస్తూ చెబుతుంటే పక్కన నిలబడి రాసుకున్నారట. మూలలు నూనె పీల్చి అద్దంలా అయిపోయాయి, ఉప్పు పక్కన కొలత లేదు, "చూసి వెయ్యి" అని మాత్రం ఉంది. ఆ కార్డు చూసి ఆరేళ్ళుగా మీట్‌లోఫ్ చేస్తున్నాను, రుచికి ఎప్పుడూ ఢోకా లేదు, కానీ పాన్‌లోంచి బయటికి తీయాలంటే మాత్రం ప్రతిసారీ టెన్షనే. బోర్లిస్తే పైన పూసిన సాస్ అంతా కిందకి పోతుంది, అట్లకాడ పెట్టి లేపితే సరిగ్గా నడుమ విరుగుతుంది. ఆ ఒక్క బాధ తీరుతుందని ఈ పాన్ కొన్నాను.

బయటి పాన్ మామూలు లోఫ్ పాన్ సైజే, 9 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు. దాంట్లో కూర్చునే ఇంకో ట్రే ఉంటుంది, అడుగున చిల్లులు, రెండు చివర్లా పట్టుకోవడానికి చెవులు. ఖీమా ఈ ట్రేలో పెడితే కరిగిన కొవ్వు కిందకి దిగిపోతుంది.

తీయడం విషయంలో మాత్రం నూటికి నూరు మార్కులు. ఓవెన్‌లోంచి తీశాక పది నిమిషాలు కదపకుండా వదిలేసి, రెండు చెవులూ పట్టుకుని మెల్లగా ఎత్తితే మీట్‌లోఫ్ మొత్తం ట్రేతో సహా పైకి వస్తుంది, చిల్లుల్లోంచి బొట్లు బొట్లుగా కొవ్వు కారి ఆగిపోతుంది, పైన కెచప్, బ్రౌన్ షుగర్, వెనిగర్ పూత ఎక్కడా చెదరదు. మొదటిసారి అలా చూసినప్పుడు నిజంగా కళ్ళు చెమర్చాయి. ముక్క కోస్తే అంచు నిలబడింది, లోపల ఉల్లిపాయ ముక్కలు కూడా కనిపిస్తున్నాయి.

కొవ్వంతా కారిపోతే పొడిపొడిగా తయారవుతుందేమో అని భయపడ్డాను. అవ్వలేదు, ఎందుకంటే తేమని పట్టి ఉంచేది పాలలో నానబెట్టిన బ్రెడ్. ఆ ముద్ద ఖీమా అంతటా కలిసి ఉండి మాంసం బిగుసుకుపోకుండా చూస్తుంది. అది మానేస్తే ఏ పాన్ కొన్నా లాభం లేదు. అలాగే ఖీమాని ఎక్కువ పిసక్కండి, కలిసింది అనగానే చెయ్యి తీసేయాలి, లేకపోతే రబ్బరులా సాగుతుంది.

ఇక లోపాలు. లోపలి ట్రే కాస్త ఎత్తులో కూర్చుంటుంది కాబట్టి చోటు తగ్గిపోతుంది. కార్డులో కిలో ఖీమా అని ఉంది, అంతా పెట్టాను, సాస్ పొంగి ఓవెన్ అడుగున పడి ఇల్లంతా పొగ. ఇప్పుడు 800 గ్రాములే పెడుతున్నాను, మిగిలింది మఫిన్ ట్రేలో చిన్న చిన్నవిగా చేస్తే పిల్లలు అవే ముందు తినేస్తున్నారు. రెండోది కడగడం. ఖీమాని గట్టిగా అదిమితే చిల్లుల్లోకి దూరి అక్కడే ఉడికి పట్టేస్తుంది. అరగంట వేడినీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో చిల్లూ రుద్దాల్సి వస్తుంది. ట్రేలోనే కత్తి పెట్టి కోశాను ఒకసారి, నాన్‌స్టిక్ పూత మీద గీత పడిపోయింది, ఆ తప్పు మీరు చేయకండి, బయటికి జార్చాకే కోయండి.

ఇంకొకటి, ఇది నల్లటి పాన్, అంచులు త్వరగా రంగు పట్టేస్తాయి. 175 డిగ్రీల సెల్సియస్‌లో గంట అని కార్డులో ఉంది, మాకు యాభై నిమిషాలకే అయిపోతోంది. సాస్‌లో చక్కెర ఉంటుంది కాబట్టి ముందే పూస్తే మాడుతుంది, చివరి పావుగంటలో పూయాలి. టైము కన్నా థర్మామీటర్‌ని నమ్మండి: సరిగ్గా మధ్యలో గుచ్చితే 71 డిగ్రీలు చూపించాలి, కోడి ఖీమా అయితే 74. "రసం తేటగా వస్తే అయినట్టే" అని అత్తయ్యగారు రాశారు కానీ రంగు చూసి చెప్పలేం. పెద్ద మాంసం ముక్కకి సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి, ఖీమా కొట్టినప్పుడు అవి లోపలికంతా కలిసిపోతాయి, అందుకే నడుమ కూడా పూర్తిగా ఉడకాలి.

మావారి అమ్మమ్మగారి కాలంలో కొవ్వు పీల్చుకోవడం కోసం పాన్ అడుగున రెండు బ్రెడ్ ముక్కలు పరిచేవారు, కార్డులో ఆ లైను కింద గీత కూడా గీసి ఉంది. ఈ పాన్ వచ్చాక అది అనవసరం అనుకుని మానేశాను. రెండు వారాల తర్వాత మావారు ప్లేటు చూసి "అడుగు ముక్క ఏది?" అన్నారు. మాంసం రసం పీల్చి, కింద వేగి, పైన మెత్తగా ఉండే ఆ బ్రెడ్ కోసమే చిన్నప్పుడు అన్నదమ్ములు కొట్టుకునేవారట. ఇప్పుడు చిల్లులు కొన్ని మూసుకుపోయినా సరే ట్రేలో ఒక్క ముక్క పరుస్తున్నాను, ఒక్కదానితో కొవ్వు దిగడానికి దారి ఉంటోంది.

మీట్‌లోఫ్ విరిగిపోతోంది అని బాధపడేవాళ్ళు తప్పకుండా కొనండి, ఐదుకి నాలుగు స్టార్లు. ట్రే చెవులు వెడల్పుగా ఉన్నది చూసి తీసుకోండి, ఓవెన్ గ్లవ్స్ వేసుకున్న చేతికి సన్నవి దొరకవు. బేకింగ్ షీట్ మీద చేత్తోనే ఆకారం చేసి కాల్చేవాళ్ళకి మాత్రం ఇది అక్కర్లేదు.