కంచు అని చెప్పి ఇత్తడి పంపారు: పాత తెరచాప పడవలకు టాయిలెట్ సామాను కొనేవారికి హెచ్చరిక

పాత తెరచాప పడవలో టాయిలెట్‌నూ, దాని గొట్టాలనూ, వాల్వులనూ మార్చాలనుకుంటున్నవారు, మనలో చాలామంది సామాను తెప్పించుకునే ఆ ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర నీటిమట్టానికి దిగువన బిగించే వస్తువు ఒక్కటి కూడా దయచేసి కొనవద్దు. ఎవరి గురించి చెబుతున్నానో ఈ సామాను కొనే అలవాటున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. కంచు సీకాకులని (పడవ అడుగున నీరు వచ్చిపోయే రంధ్రాలను మూసి తెరిచే వాల్వులని) రాతపూర్వకంగా హామీ ఇచ్చి, ఇళ్లలో కుళాయిల వెనుక వాడే మామూలు ఇత్తడి బాల్ వాల్వులు మాకు పంపారు. వాటిలో ఒకదానికి గొట్టం తొడిగే ముక్కు ఈమధ్య నా చేతిలోనే విరిగిపోయింది. ఆ సమయానికి పడవ ఒడ్డున ఉంది. నీటిలో ఉండగా అదే జరిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

వెనుకటి సంగతి క్లుప్తంగా చెబుతాను. మాది 1970ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవ. పాత గేటు వాల్వులు పూర్తిగా మూసుకోవడం మానేశాయి. మురుగు గొట్టాల్లో మూత్రమూ సముద్రపు నీరూ కలిసి ఏర్పరిచే సున్నపు పొర ఎంతగా పేరుకుందంటే, 38 మి.మీ. గొట్టంలో వేలు దూరే దారి కూడా మిగలలేదు. అందుకని అన్నింటినీ ఒకేసారి మార్చాలని నిర్ణయించుకుని, కొత్త చేతిపంపు టాయిలెట్, మురుగు నిలువచేసే ట్యాంకు, నీరు లోపలికి తీసుకునే 19 మి.మీ. దారికీ మురుగు బయటికి పోయే 38 మి.మీ. దారికీ రెండు కంచు సీకాకులు, వాసన బయటికి రానివ్వని మురుగు గొట్టం, తుప్పు పట్టని స్టీలు క్లిప్పులు అని ఒక్కొక్కటీ వివరంగా రాసి పంపాను. వాల్వులు కంచువేనా, జింకు ఎక్కువగా ఉన్న ఇత్తడివి కావు కదా అని విడిగా అడిగాను కూడా. "పూర్తిగా కంచు, సముద్రపు నీటికి పనికివచ్చేవి" అని జవాబు వచ్చింది. ఆ జవాబు చూశాకే మొత్తం డబ్బు ముందుగా చెల్లించాను.

పడవ అడుగుకు రంగు వేయించడానికి ఒడ్డుకు లాగించినప్పుడు, మురుగు గొట్టం క్లిప్పు ఒకటి తుప్పు పట్టినట్లు కనిపిస్తే మార్చుదామని గొట్టాన్ని కొద్దిగా కదిపాను. బలం పెట్టి లాగలేదు, పనిముట్టు ఏదీ వాడలేదు. అయినా వాల్వు ముక్కు మొదలంటా విరిగి గొట్టంతో సహా ఊడి వచ్చింది. విరిగిన చోట లోహానికి ఉండవలసిన పసుపు మెరుపు లేదు. అంచుల్లో అంతా గులాబీ రంగు, గోటితో గీకితే సుద్దలా రాలింది. ఉప్పునీటిలో ఇత్తడి నుంచి జింకు కరిగిపోయి, రాగి మాత్రమే గుల్లగా, బలం లేకుండా మిగిలిపోతే కనిపించే రూపం అదే. పైనుంచి చూస్తే వస్తువు ఆకారంలో, మందంలో ఏ మార్పూ తెలియదు, లోపల మాత్రం పట్టు ఏమీ ఉండదు.

నన్ను అన్నింటికన్నా గాయపరిచింది ఆ తరువాత కనిపించిన విషయం. వాల్వు దేహం మీద వారి దుకాణం పేరుతో, "సముద్ర వాడకానికి, కంచు" అన్న అక్షరాలతో ఒక మందపాటి లేబుల్ అతికించి ఉంది. దాన్ని తడిపి ఊడదీసి చూస్తే, కింద తయారీలోనే ముద్రించిన గుర్తు స్పష్టంగా కనిపించింది: సీడబ్ల్యూ 617ఎన్. అది కంచు కాదు. దాదాపు 58 శాతం రాగి, 40 శాతం జింకు, మిగిలినది సీసంగా ఉండే మామూలు ఇత్తడికి ఇచ్చే గుర్తు అది. పడవ వాల్వులకు ఎక్కువగా వాడే కంచులో 85 శాతం రాగి ఉండి, తగరం, సీసం, జింకు ఐదేసి శాతం చొప్పున ఉంటాయి. ఇత్తడిలోనే జింకు కరిగిపోకుండా కొద్దిగా ఆర్సెనిక్ కలిపిన రకం ఒకటి ఉంది, దాని గుర్తు సీడబ్ల్యూ 602ఎన్. అదైనా పంపి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. రెండో వాల్వు మీది లేబుల్ కూడా ఊడదీశాను. అక్కడా సరిగ్గా అదే చోట, అదే ముద్ర మీద లేబుల్ అతికించి ఉంది. ఒకసారి అలా జరిగితే పొరపాటు అనుకోవచ్చు, రెండింటికీ అలాగే అతికించడాన్ని నేను పొరపాటు అనుకోలేను.

వెంటనే ఫోటోలు తీసి పంపి, ఫోన్ చేశాను. మొదట మాట్లాడినవారు మర్యాదగానే విన్నారు. ముద్ర మాట ఎత్తగానే ఫోన్ ఇంకొకరి చేతికి మారింది. "మా సామాను మీద మా లేబుల్ మేం ఎక్కడైనా వేసుకుంటాం" అన్నారు ఆయన. మీరే కంచు అని రాసి ఇచ్చారు కదా అంటే, "ఇత్తడి, కంచు అన్నీ ఒక జాతే, కొనేవాళ్లకు ఆ తేడా ఎందుకు" అన్నారు. తరువాత మా పడవలో కరెంటు లీకై లోహాన్ని తినేస్తోందనీ, తప్పంతా దానిదేననీ అన్నారు. అదే పడవలో, అదే నీటిలో, వంటింటి తొట్టి నీరు పోయే పాత కంచు సీకాకు ఇన్నేళ్లయినా గీకి చూస్తే గట్టిగా, ఎర్రటి మెరుపుతో ఉంది, మరి ఆ కరెంటు మీ వాల్వులనే వెతుక్కుని తిన్నదా అని అడిగాను. దానికి ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోవడం లేదు: "పడవ మునగలేదు కదండీ, మునిగాక ఫోన్ చేయండి." అని పెట్టేశారు. ఆ తరువాత నా ఫోన్ ఎత్తలేదు, రాసిన ఉత్తరాలకు జవాబు లేదు.

ఆ మాట అన్న మనిషికి తాను ఏం అమ్ముతున్నాడో తెలియదని నేను నమ్మను. నీటిమట్టానికి 60 సెం.మీ. దిగువన 38 మి.మీ. రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. చిన్న పడవల్లో అడుగున చేరిన నీటిని తోడే బిల్జి పంపు మీద రాసిన సామర్థ్యం ఎంత ఉన్నా, నీటిని పైకి ఎత్తి తోడవలసి వచ్చేసరికి అది చాలా తగ్గిపోతుంది, బ్యాటరీ అయిపోతే పూర్తిగా ఆగిపోతుంది. రాత్రి లంగరు వేసి అందరూ నిద్రలో ఉండగా ఆ ముక్కు విరిగితే, నేల పలకల మీదికి నీరు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆ వాల్వు పక్కనే, ఒక పలక అవతల, మా పిల్లలు పడుకుంటారు.

వాల్వుల మోసం బయటపడ్డాక మిగతా సామాను కూడా చూశాను. మురుగు గొట్టమని పంపినది తీగ చుట్టిన పలుచటి మామూలు ప్లాస్టిక్ గొట్టం. వేడి నీటిలో తడిపిన గుడ్డను దాని మీద చుట్టి, చల్లారాక వాసన చూస్తే గుడ్డకు మురుగు కంపు పట్టింది, అంటే వాసన గొట్టం గోడల్లోంచే బయటికి వస్తోంది. క్యాబిన్‌లో ఎంత కడిగినా పోని వాసనకు కారణం ఇదేనని అప్పుడు అర్థమైంది. క్లిప్పుల పట్టీ మంచి స్టీలే, కానీ దాన్ని బిగించే మర ఆ స్టీలుది కాదు, అయస్కాంతానికి చటుక్కున అంటుకుంది. ఇక వాల్వు మరలు లోపలికి పోనుపోను సన్నబడే రకానివి కాగా, పడవ అడుగు గుండా బయటికి తెరుచుకునే, వాల్వును బిగించే తూము మరలు ఒకే వ్యాసంతో నిటారుగా ఉన్నాయి. విప్పి చూస్తే రెండింటికీ పట్టు దొరికింది రెండు మూడు చుట్ల మేరకే, మిగిలినదంతా పైన పూసిన సీలెంట్ వల్ల నిలబడి ఉంది. రెండూ ఒకదానికొకటి సరిపోయే జత అని వారే రాసి పంపారు.

వారి దగ్గర ఇవే వాల్వులు ఇప్పటికే కొని బిగించుకున్నవారు ఉంటే, పడవ నీటిలో ఉండగా వాటి గొట్టాలను కదపవద్దు, బిగించవద్దు. వాడనప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంచండి, అయితే విరిగేది వాల్వు దేహమే అయితే మూయడం వల్ల లాభం ఉండదు కనుక ప్రతి వాల్వు పక్కన దానికి సరిపోయే మెత్తటి కొయ్య బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. వీలైనంత త్వరగా ఒడ్డుకు లాగించి, లేబుల్ ఊడదీసి ముద్ర చూడండి, ముద్ర లేకపోతే ముక్కును ఆకురాయితో కొద్దిగా గీసి రంగు చూడండి. కొత్తగా కొనేవారు ఎవరి దగ్గర కొన్నా లోహం గుర్తును బిల్లు మీదే రాయించుకోండి. మీ వాల్వుల మీద కూడా లేబుల్ కింద ఇదే ముద్ర కనిపిస్తే ఫోటో తీసి భద్రపరిచి ఇక్కడ తెలియజేయండి. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను, ఒకే లేబుల్ కింద ఒకే ముద్ర ఉన్న వాల్వులు పలువురి దగ్గర ఉన్నాయని చూపగలిగితే దాన్ని పక్కన పెట్టడం వారికి కష్టమవుతుంది.