చవక స్కిమ్మర్: మురికి కోసం కొన్నాను, గాలి కోసం ఉంచుకున్నాను

నాది మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు, దాదాపు 190 లీటర్లు. అందులో రెండు క్లౌన్లు, నాలుగు డామ్సెల్‌లు, ఇంకో మూడు చేపలు. ఎక్కువే. కానీ దేన్నీ ఇచ్చెయ్యడానికి మనసు రాలేదు, పెద్ద ట్యాంకుకు డబ్బులు లేవు. అందుకే నాలుగు వేల లోపు దొరికిన, ట్యాంకు లోపలే తగిలించుకునే స్కిమ్మర్ తెచ్చాను. పంపుతో గాలి పీల్చి నీళ్లలో సన్నటి బుడగలు చేసి, మురికిని నురుగుగా పైనున్న కప్పులోకి ఎక్కించే పరికరం ఇది. రెండో ఎండాకాలం కూడా దాటేసింది.

మురికి బాగానే లాగుతుంది. కప్పు తీస్తే చాయ్ డికాక్షన్ రంగు నీళ్లు, ముక్కు మూసుకోవాల్సిన కంపు. అదంతా నీళ్లలోనే ఉండిపోతే కుళ్లి అమ్మోనియా అయ్యేది.

నేను అనుకోని మేలు వేరే జరిగింది. నల్గొండలో మే నెల వచ్చిందంటే మా డాబా ఇంట్లో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. అంతకుముందు తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుండేవి. ఇది పెట్టాక ఆ బాధ పోయింది. నురుగు కోసం అది పీల్చే గాలే చేపలకూ ఊపిరైంది.

ఈ మే నెలలో మళ్లీ పైకొచ్చాయి. పంపు మోత ఎప్పటిలాగే ఉంది, కప్పు మాత్రం ఎండిపోయింది. మా వీధిలో బోరు మోటార్లు బాగుచేసే తమ్ముణ్ని పిలిచాను. పంపులో తిరిగే రెక్క, అదే ఇంపెల్లర్, తీసి చూశాడు, బాగానే ఉంది. గాలి పైపు చివర బొటనవేలు ఆనించి, "మోటారు మంచిగనే ఉన్నదన్నా, గాలి గుంజుతలేదు" అన్నాడు. పైపు ఊడదీస్తే, అది పంపుకు తగిలే సన్నటి మూతి దగ్గర తెల్లటి ఉప్పు గట్టిగా పేరుకుని ఉంది. సూది దూరే సందు కూడా లేదు. వేడినీళ్లు పోసి కరిగించాం. పొద్దుగూకేసరికి నురుగు మళ్లీ కప్పుకెక్కింది, చేపలు కిందికి దిగాయి. పెట్టె మీద ఈ సంగతి ఒక్క ముక్క రాయలేదు, నాకు కోపం అందుకే. ఇప్పుడు వారం వారం ఆ పైపులోంచి అరగ్లాసు గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్లు పీల్పిస్తున్నాను. అప్పుడప్పుడు పంపును వెనిగర్‌లో నానబెడతాను.

మురికి లాగుతుందన్నాను గానీ, అమ్మోనియా చివరికి మారే నైట్రేట్ మాత్రం దీనివల్ల పెద్దగా తగ్గలేదు. నీళ్లు మార్చడం తప్పదు. మా బోరు నీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు తెలిసిందే, కాబట్టి ఆర్‌ఓ క్యాన్ల ఖర్చూ తప్పదు. ఇంకొకటి: కప్పులోకి పోయేది ఉప్పునీరు, ఆవిరయ్యేది మంచినీరు. రెంటికీ మంచినీళ్లే పోస్తూ పోతే ఉప్పు పలచబడుతుంది. 400 లీటర్లకు సరిపోతుందని పెట్టె మీద ఉంది. ఇన్ని చేపలుంటే అందులో సగానికే లెక్కేసుకోండి.

నా ట్యాంకులో కోరల్స్ లేవు, కాబట్టి వాటి మాట నేను చెప్పలేను. సంప్, అంటే ట్యాంకు కింద పరికరాల కోసం ఉంచే రెండో తొట్టి, పెట్టే చోటుంటే పెద్ద స్కిమ్మరే తీసుకునేవాణ్నేమో. కరెంటు తరచూ పోతుంది కాబట్టి, ఇన్వర్టర్ మీద నుంచి ట్యాంకు లైటు తీసేసి ఈ స్కిమ్మర్‌ని తగిలించాను.