హన్మకొండలో మందు మాన్పించే సెంటర్‌లో ఉండొచ్చిన మనిషిగా చెప్పేది

వరంగల్ చుట్టుపక్కల రెండు సెంటర్లు చూశాను. మొదటిది ఊరికి అవతల, చుట్టూ ఎత్తు గోడలు కట్టి నడిపేది. రెండోది హన్మకొండలోనే, మానసిక వైద్యుడి ఆధ్వర్యంలో ఉన్నది. రెండోదాంట్లోంచి బయటికొచ్చి ఏళ్లు గడిచాయి, ఫాలో-అప్‌కు ఇప్పటికీ పోతున్నాను. రెండింటి పేర్లూ రాయడం లేదు. డాక్టర్లు మారతారు, యాజమాన్యాలు మారతాయి. పేరు చూసి చేరడం కంటే, లోపల ఏం జరగాలో తెలిసి చేరడం మేలు. నా అనుభవంలో చూడాల్సినవి రెండే: మొదటి వారం డాక్టర్ ఎట్లా చూస్తాడు, డిశ్చార్జి తర్వాత ఎన్నాళ్లు పట్టించుకుంటారు. ఈ రెండూ బాగుంటే సెంటర్ బాగున్నట్టే. మధ్యలో బిల్డింగ్, ఏసీ, యోగా హాలు ఎట్లున్నా నడుస్తుంది.

మొదటి వారం సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ప్రాణాలు పోయేది అక్కడే. పొద్దున లేవగానే క్వార్టర్ పడితే తప్ప చెయ్యి నిలవని మనిషికి మందు ఒక్కసారిగా బందయితే, ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి, ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది, ఎక్కడున్నదీ తెలియదు. ఆ స్థితిలో వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. ‘గదిలో వేసి తాళం పెడదాం, వారం రోజులు ఏడ్చి ఊకుంటడు’ అనుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

రెండో సెంటర్‌లో సిస్టర్ కొన్ని గంటలకోసారి మంచం దగ్గరికి వచ్చేది. ‘చేతులు ముందుకు చాపండి, వేళ్లు ఎడం పెట్టండి’ అనేది. వణుకు ఎంతుందో చూసి, నాలుక బయట పెట్టించి, నుదుటి మీద చెయ్యి పెట్టి చెమట చూసేది. ‘ఇయ్యాల ఏం వారం? ఇది ఏ ఊరు?’ అని అడిగేది. ఒక్కోదానికి మార్కులు వేసి మంచానికి కట్టిన అట్ట మీది కాగితంలో రాసేది. ఆ మార్కులను బట్టే గోలీలు పెరిగేవి, తగ్గేవి. నాకిచ్చింది క్లోర్‌డయాజిపాక్సైడ్ అనే, వణుకు, ఫిట్స్ ఆపే గోలీ. మొదటి రోజు ఎక్కువ డోసు, తర్వాత రోజురోజుకూ తగ్గించి పూర్తిగా ఆపేశారు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు దాని బదులు లోరాజెపాం ఇస్తారు. అందుకే చేరిన రోజే లివర్ పరీక్షలకు రక్తం తీశారు.

ఇంకో సంగతి, ఊళ్లలో ఉన్నవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. తాగి తాగి తిండి మానేసిన మనిషి ఒంట్లో బి-వన్ విటమిన్, అంటే థయమిన్, దాదాపు అడుగంటి ఉంటుంది. ఆ ఇంజెక్షన్ ఇవ్వకుండా ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. నడక తూలడం, చూపు చెదరడం, జ్ఞాపకం పోవడం దాని లక్షణాలు. నీరసంగా ఉన్నాడని మనోళ్లు మొదట చేసే పనే గ్లూకోజ్ పెట్టించడం. నాకు చేరిన గంటలోనే థయమిన్ పడింది, ఆ తర్వాతే సెలైన్ పెట్టారు.

నా పక్క మంచం ఆయన కామారెడ్డి దిక్కు నుంచి వచ్చాడు. ఆయన సంగతి చెప్పకుండా మన ప్రాంతంలో సెంటర్ల గురించి రాయడం కుదరదు. డాక్టర్ ఎంత తాగుతావని అడిగితే విస్కీ లెక్క చెప్పాడు. కల్లు మాట ఎత్తలేదు. ‘కల్లు తాగవా?’ అంటే ‘అది లెక్కలకు రాదు కద సార్, పొద్దుమూకి రెండు సీసాలు’ అన్నాడు. డాక్టర్ వెంటనే అడిగిన ప్రశ్న: ‘చెట్టు కల్లా, దుకాణం కల్లా?’

దుకాణం కల్లు అని తెలియగానే ఆయన చికిత్స మొత్తం మారిపోయింది. మన జిల్లాల్లో దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రాజోలం. అంటే ఏళ్ల తరబడి ఆయన తాగింది నిద్రమాత్రల నీళ్లు. వాటిని హఠాత్తుగా ఆపితే మందు మానినప్పటి లాగే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. అందుకే ఆయనకు మాత్రలు చాలా నెమ్మదిగా తగ్గించుకుంటూ పోయారు. నేను తోటలో నడుస్తున్నప్పుడు ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు. 2015లో కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చిగా ప్రవర్తించడం, ఆసుపత్రుల పాలవడం చాలామందికి యాది ఉండే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. కాబట్టి చేర్చే రోజు కల్లు, గుడుంబా, దగ్గు సిరప్, నిద్రమాత్రలు, అన్నీ దాచకుండా చెప్పండి. మీరు చేరాలనుకునే సెంటర్‌లో కల్లు గురించి అడగని డాక్టర్ ఉంటే నాకైతే నమ్మకం కుదరదు.

గంజాయి కేసులు వేరే తీరు. మా వార్డులో ఒక ఇంజినీరింగ్ పిల్లగాడు ఉండె. గంజాయి మానితే ఫిట్స్ రావు. కానీ నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, ఊరికే కోపం, భయంకరమైన కలలు. చెవుల్లో మాటలు వినిపించే దశకు వెళ్లినవాళ్లకు వేరే మందులు వాడాలి. వాళ్ల నాన్నకు కొడుకు ఆరోగ్యం కంటే పోలీసు కేసు భయం ఎక్కువగా ఉండె. కౌన్సిలర్ కూర్చోబెట్టి చెప్పాడు: ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో కొద్ది మొత్తం దొరికిన కేసులోనో ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట చికిత్సకు వచ్చి పూర్తి చేసుకుంటే, అతన్ని ప్రాసిక్యూట్ చేయకుండా రక్షణ ఉంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. అది విన్నాకే ఆ తండ్రి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

రెండో వారం నుంచి దినచర్య. పొద్దున్నే లేవడం, వ్యాయామం, టిఫిన్, క్లాసు, మధ్యాహ్నం గ్రూపులో మాట్లాడుకోవడం, సాయంత్రం క్యారమ్స్, రాత్రి తొందరగా పడుకోవడం. వారానికోసారి ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు వచ్చి మీటింగ్ పెట్టేవాళ్లు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన పద్ధతి అది. ఫీజు ఉండదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. అందరికీ నచ్చదు. నాకు మాత్రం ఇరవయ్యేళ్లుగా ముట్టని ఒక రిటైర్డ్ టీచర్ మాటలు ఏ క్లాసు కంటే ఎక్కువ పనికొచ్చాయి.

కౌన్సిలింగ్ అంటే నీతిబోధ అనుకుని పోయాను. అక్కడ చేయించింది లెక్క రాయించడం. రోజులో ఏ గంటకు మందు మీద మనసు పోతుందో రాయమన్నారు. నేను ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తాను. కాంటాలు అయిపోయి, రైతులకు పట్టీలు ఇచ్చి, చేతిలో పైసలు, కడుపులో ఆకలి ఉన్న సాయంత్రం వేళ నా గంట. దారిలో వైన్‌షాప్. ఇది కాగితం మీద కనిపించాక చేసిన ఉపాయాలు చిన్నవే. నాలుగింటికి ఏదైనా తినడం, పైసలు మా బావమరిది చేతికి ఇవ్వడం, ఇంటికి వేరే తొవ్వలో పోవడం. చిన్నవే గానీ మందుబిళ్లలతో సమానంగా పనిచేశాయి.

ఇక మొదటి సెంటర్. అక్కడ రాత్రిపూట డాక్టర్ ఉండడు, నర్సు ఉండదు. పాత పేషెంట్లే కాపలా. చేరగానే గుండు కొట్టారు, ఫోన్ గుంజుకున్నారు. గిన్నెలు తోమించేవాళ్లు, ఎదురు తిరిగితే దెబ్బలు. ఇంట్లోవాళ్లతో మాత్రం ‘ఆరు నెలలైనా ఉంచాలె’ అని చెప్పి మూడు నెలల డబ్బు ముందే తీసుకున్నారు, మధ్యలో తీసుకుపోతే తిరిగి ఇచ్చేది లేదన్నారు. మా అన్న పట్టుబట్టి నన్ను బయటికి తెచ్చాడు. ఇవేవీ ‘కఠినమైన క్రమశిక్షణ’ కావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. బలవంతంగా గుండు కొట్టకూడదు, గొలుసులతో కట్టకూడదు, ఇష్టం లేని పని చేయించకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. ఇంట్లోవాళ్ల దరఖాస్తుతో చేర్చుకున్నా, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు, ఆ పైన ఉంచాలంటే మళ్లీ పద్ధతి ప్రకారం పోవాలి. చేర్చేముందు సెంటర్‌కు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కాగితం చూపించమని అడగండి. రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవడానికి బండి ఉందా అని కూడా అడగండి. జవాబు తడబడితే వెనక్కి వచ్చేయండి.

మా ఇంటామెను కూడా రెండో సెంటర్‌లో పిలిచి మాట్లాడారు. ఆమె అప్పటికే ‘తెలియకుండా తాగుడు మాన్పించే పొడి’ కరపత్రం చూసి కొనాలనుకుంటున్నది. డాక్టర్ గట్టిగా వద్దన్నాడు. డైసల్ఫిరాం అనే మాత్ర ఒకటి ఉంది, అది వేసుకున్న మనిషి మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ నిఘాలో వాడాల్సిన మాత్ర అది. చారులో కలిపి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పొడుల్లో ఏముందో అమ్మేవాడు చెప్పడు. ఆమెకు ఇంకో మాట కూడా చెప్పారు: రోజూ సాయంత్రం నోరు వాసన చూడటం మానండి, దానికి బదులు నెలకోసారి అపాయింట్‌మెంట్‌కు కలిసి రండి. మా ఇంట్లో గొడవలు సగం తగ్గింది దాంతోనే.

డిశ్చార్జి తర్వాత నాకు నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి రాశారు. తాగాలన్న గుంజుడు తగ్గిస్తుంది. లివర్ పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. కొందరికి అకాంప్రోసేట్ ఇస్తారు, అది రోజుకు మూడు పూటలు వేసుకోవాలి. ఏ మాత్రా కోరికను పూర్తిగా చెరిపేయదు. మళ్లీ తాగడం మొదలుపెట్టేవాళ్లు 40 నుంచి 60 శాతం దాకా ఉంటారని అమెరికాలోని జాతీయ మత్తు పరిశోధన సంస్థ చెబుతుంది. బీపీ, ఆస్తమా రోగులు మందులు ఆపేస్తే జబ్బు తిరగబెట్టడం కూడా ఇంచుమించు ఇంతే. కామారెడ్డి ఆయన బోనాలప్పుడు మళ్లీ మొదలుపెట్టి, కొన్నాళ్లకు తిరిగి వచ్చాడు. సెంటర్‌లో ఎవరూ తిట్టలేదు, ముఖం చిన్నబుచ్చలేదు. మళ్లీ మాత్రలు, మళ్లీ అట్ట మీద మార్కులు. అందుకే ఆ సెంటర్ మీద నాకు గౌరవం. మానేసి, మళ్లీ తాగి, మళ్లీ మానే ప్రతిసారీ వణుకు, ఫిట్స్ ముందుకన్నా ఎక్కువ కావచ్చని డాక్టర్ చెప్పాడు, కాబట్టి రెండోసారి ఇంట్లో సొంత వైద్యం అస్సలు వద్దు.

మా డాక్టర్ దసరాకు ముందు వారం తప్పకుండా అపాయింట్‌మెంట్ పెడతాడు. మన దగ్గర దసరా అంటే యాట, మందు, సోపతిగాళ్లు. మేడారం జాతర ఉన్న ఏడాది ఇంకోటి అదనం. ఏ ఇంటికి ఎన్ని గంటలకు పోవాలి, ఎవరు పక్కన ఉండాలి, ఎప్పుడు లేచి రావాలి, అన్నీ ముందే మాట్లాడుకుంటాం. దావత్‌కు పోతాను, తింటాను, గ్లాసులు తీసే టైముకు బయటికి వస్తాను. మొదట్లో ఎగతాళి చేసినవాళ్లే ఇప్పుడు వాళ్ల తమ్ముళ్లకోసం సెంటర్ ఫోన్ నంబర్ అడుగుతున్నారు.

ఖర్చు సంగతి. నాకు నెలకు 20 వేల పైచిలుకు పడింది, మందులు, పరీక్షలు వేరే. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, చాలా పాలసీల్లో మద్యం, మత్తు చికిత్స మినహాయింపుల్లో ఉంటుంది, ముందే చదువుకోండి. పైసలు లేనివాళ్లు ఎంజీఎం ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి పోవచ్చు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో నడిచే పునరావాస కేంద్రాల్లో చికిత్స ఉచితం. దగ్గర్లో ఎక్కడుందో ఆ శాఖ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే చెబుతారు. రాత్రివేళ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తోచకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పి మాట్లాడుతున్నా మాత్రం ఫోన్ల దగ్గర ఆగకండి, 108 పిలిచి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.