ఎమర్జెన్సీ లైట్ల పరీక్ష: బటనా, సెల్ఫ్ టెస్టా, సెంట్రల్ బ్యాటరీయా? ఏది మేలు?

ఫంక్షన్ హాలు గానీ, కాలేజీ గానీ, దవాఖాన గానీ, కరెంటు పోయినప్పుడు జనాన్ని బయటికి నడిపించే లైట్లను పరీక్షించే పద్ధతులు మూడున్నాయి. ప్రతి లైటులో సొంత బ్యాటరీ ఉంటే మనిషి వెళ్లి బటన్ నొక్కో, బోర్డులో ఎంసీబీ (ఒక్కో లైనుకు కరెంటు ఆపే చిన్న స్విచ్చు) దించో చూడటం ఒకటి. లైటే తనను తాను పరీక్షించుకుని పచ్చ చుక్కో ఎర్ర చుక్కో చూపించే సెల్ఫ్ టెస్ట్ రకం రెండోది. ఒక గదిలో బ్యాటరీ బ్యాంకు పెట్టి, అక్కడి నుంచే అన్ని లైట్లకూ కరెంటు పంపే సెంట్రల్ బ్యాటరీ మూడోది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు భవనాలకు ఏది నప్పుతుందో తేల్చాలంటే ధర కంటే ముందు రెండు సంగతులు చూడాలి: మన ఎండ, పని అయిపోగానే మెయిన్ బంద్ చేసే మన అలవాటు.

ముందుగా కొలత. నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం ప్రకారం మామూలు లైట్లు పోయిన 5 సెకన్లలో ఎమర్జెన్సీ లైట్లు అందుకోవాలి, కనీసం 90 నిమిషాలు నిలవాలి, బయటికి పోయే దారి నడిమధ్యన నేల మీద వెలుగు 10 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగు కొలత) తగ్గకూడదు. నెలకోసారి వెలుగుతోందా అని, ఏడాదికోసారి పూర్తి సమయం నిలుస్తోందా అని చూడాలన్నది యూరప్ ప్రమాణాల నుంచి వచ్చిన లెక్క. మన దగ్గరా అది పాటించదగ్గదే. ఇది కాగితం కోసం చేసే పని కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. కరెంటు పోయి బాల్కనీ చీకటైంది, దారి చూపాల్సిన లైట్లు వెలగలేదు, పొగలో జనానికి బయటికి తోవ దొరకలేదు.

బటన్ నొక్కితే తెలిసేదేమిటి, తెలియనిదేమిటి

బటన్ నొక్కగానే లైటు వెలిగితే మూడు విషయాలు తేలతాయి: ఎల్‌ఈడీ బాగుంది, కరెంటు పోగానే బ్యాటరీకి మార్చే లోపలి సర్క్యూట్ పనిచేస్తోంది, బ్యాటరీలో ఎంతో కొంత చార్జి ఉంది. ఆ "ఎంతో కొంత" దగ్గరే అసలు చిక్కు. పాడైపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా చార్జింగ్‌లో ఉన్నంతసేపు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, ఐదు సెకన్లు లైటును చక్కగా వెలిగిస్తుంది. లెక్క వేసి చూడండి. 6 వోల్టులు, 4.5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కొత్తగా ఉన్నప్పుడు సుమారు 27 వాట్ అవర్ ఉంటుంది. 5 వాట్ల ఎల్‌ఈడీకి 90 నిమిషాలకు కావాల్సింది 7.5 మాత్రమే. అంటే 90 నిమిషాలు నిలవని లైటు బ్యాటరీలో కొత్తనాటి శక్తిలో మూడో వంతు కూడా మిగల్లేదన్నమాట. అంత దిగజారినా బటన్ పరీక్షలో ప్రతి నెలా పాసవుతూనే ఉంటుంది.

బటన్‌తో అసలే తెలియనిది వైరింగ్. ఎమర్జెన్సీ లైటుకు కరెంటు ఆ వరండా మామూలు లైట్లున్న ఎంసీబీ నుంచే రావాలి, అదీ స్విచ్చుకు ముందు నుంచి తీసిన తెగని ఫేజు అయి ఉండాలి. అప్పుడే వరండా ఎంసీబీ ట్రిప్పయితే ఎమర్జెన్సీ లైటు అందుకుంటుంది. చాలాచోట్ల ఎలక్ట్రీషియన్ దగ్గర్లో ఉన్న ఇన్వర్టర్ లైను నుంచో, ప్లగ్ పాయింటు నుంచో ఇచ్చేస్తాడు. అలా ఇచ్చినచోట వరండా ఎంసీబీ పడిపోయి మనిషికి మనిషి కనబడకున్నా, ఎమర్జెన్సీ లైటుకు మాత్రం కరెంటు ఉంది కాబట్టి అది వెలగదు. బటన్ నొక్కితే మాత్రం వెంటనే వెలుగుతుంది.

అందుకే మనిషి చేసే పరీక్ష అంటే ఎంసీబీ దించి చేసేదే. దానికి ఒక క్రమం ఉంది. ముందు జనరేటర్ ప్యానెల్‌ను ఆటో నుంచి మాన్యువల్‌లో పెట్టాలి. లేకపోతే మెయిన్ దించాల్సి వచ్చినప్పుడు పది పదిహేను సెకన్లలో జనరేటర్ అందుకుని పరీక్ష అక్కడే ఆగిపోతుంది. అంతకుముందు 24 గంటలు లైట్లు తెగకుండా చార్జింగ్‌లో ఉండాలి. పరీక్ష చీకటి పడ్డాకే చేయాలి. ఒక్కో జోన్ లైటింగ్ ఎంసీబీ విడిగా దించి, సెకన్లు లెక్కపెట్టి, వేదిక దగ్గర నుంచి గేటు బయట రోడ్డు దాకా నడవాలి. మెట్ల మలుపు, దారి మళ్లే చోటు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉన్న గోడ, బయటి గడప, ఈ నాలుగు చోట్ల లక్స్ మీటర్‌ను నేల మీద పెట్టి కొలవాలి. ఫోన్‌లోని యాప్ రీడింగ్‌ను నమ్మకూడదు. 30, 60, 90 నిమిషాలకు మళ్లీ తిరిగి ఏ నంబరు లైటు ఎప్పుడు ఆరిందో రాయాలి. తర్వాత ఎంసీబీ ఎత్తి, ప్రతి లైటులో చార్జింగ్ చుక్క వెలిగిందో లేదో చూడాలి. జనరేటర్‌ను తిరిగి ఆటోలో పెట్టడం మరిచిపోవద్దు.

పరీక్ష అయ్యాక మరో 24 గంటలు ఆ లైట్లు ఖాళీ బ్యాటరీతో ఉన్నట్టే లెక్క. కాబట్టి ఒక్కరోజే అన్నీ ఖాళీ చేయకుండా, జోన్లను ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు దఫాలుగా చేయడం మేలు. ఫంక్షన్ హాళ్లకు ఏడాది పరీక్షకు ఆషాఢం కంటే మంచి సమయం లేదు. ముహూర్తాలుండవు, హాలు ఖాళీగా ఉంటుంది, పాడైన బ్యాటరీలు శ్రావణంలోపు మార్చుకోవచ్చు.

కానీ ఆ ఆషాఢమే బ్యాటరీల్ని చంపుతుంది కూడా. ఫంక్షన్ అయిపోగానే వాచ్‌మన్ మెయిన్ బంద్ చేసి తాళం వేస్తాడు, బిల్లు తగ్గుతుందని. మెయిన్ పోయిందని లైట్లన్నీ వెలిగి, బ్యాటరీ అయిపోయేదాకా వెలిగి, అలా ఖాళీగానే నెల పడి ఉంటాయి. ఖాళీగా వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత చార్జి పెట్టినా తేరుకోదు. మూత విప్పితే కనబడేది ఇదే: పక్కలు ఉబ్బిన బ్యాటరీ, కనెక్టర్ దగ్గర ఆకుపచ్చ తుప్పు, మూడు నాలుగేళ్ల కిందటి తేదీ స్టిక్కరు. హాలు మూసేటప్పుడు ఏసీ, ఫ్యాన్లు, డెకరేషన్ లైన్లు దించండి గానీ వరండా లైటింగ్ ఎంసీబీలను మాత్రం దించొద్దు. వాటి మీద ఎర్ర టేపు చుట్టి "ఇది ఎప్పుడూ ఆన్" అని తెలుగులో రాసి అంటించడం ఖర్చులేని మందు.

ఇక ఎండ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు సరైన వేడి. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడల్లో బయటే 45 డిగ్రీలు తగులుతుంది, రేకుల కప్పు కింద, ఫాల్స్ సీలింగ్ మీద ఇంకా ఎక్కువ. ఐదేళ్లు రావాల్సింది రెండేళ్లకే పోతే అది కంపెనీ తప్పని చెప్పలేం. లైటు కొనేటప్పుడే హై టెంపరేచర్ నికెల్ కాడ్మియం సెల్లున్నది అడగండి, 3.6 వోల్టుల ప్యాక్‌గా వస్తుంది. ఆ సెల్లు 50 నుంచి 55 డిగ్రీల వేడిని తట్టుకునేలా చేసినవి. లైటును మరీ పైన రేకుకు ఆనించి పెట్టకుండా నేల నుంచి 2 మీటర్లకు పైన, వీలైనంత కిందికి బిగిస్తే రెండు లాభాలు: బ్యాటరీకి వేడి తగ్గుతుంది, పైన పేరుకునే పొగలో వెలుగు మునిగిపోదు.

సెల్ఫ్ టెస్ట్

ఇందులో లైటు లోపలి చిప్పే ఎప్పటికప్పుడు చిన్న పరీక్ష, ఏడాదికోసారి పూర్తి పరీక్ష చేసుకుంటుంది. బ్యాటరీ నిజంగా ఎంతసేపు నిలిచిందో దానికి తెలుసు కాబట్టి బటన్ కంటే ఎన్నో రెట్లు నమ్మకం. వంద లైట్లున్న కాలేజీలో మనిషి 90 నిమిషాలు నాలుగు అంతస్తులు తిరగడం జరిగే పని కాదు. అక్కడ ఇదే దిక్కు.

ఇందులో చిక్కులు వేరు. లైట్లన్నిటికీ ఒకేరోజు కరెంటు ఇచ్చి మొదలుపెడితే, కొన్ని రకాల్లో ఏడాది పరీక్ష కూడా అన్నిటికీ ఒకే గంటలో వస్తుంది, ఆ రాత్రి భవనమంతా ఖాళీ బ్యాటరీలతో ఉంటుంది. కొనే ముందే పరీక్ష తేదీలు వేర్వేరుగా పెట్టుకునే వీలుందా అని అడగాలి. లేకపోతే సగం లైట్లకు ఒక వారం, మిగతా సగానికి మరో వారం కరెంటు ఇచ్చి మొదలుపెట్టాలి. బ్యాటరీ నిండుగా చార్జి కాకుండా పూర్తి పరీక్ష జరగదు. రోజూ మెయిన్ బంద్ చేసే చోట అది వాయిదా పడుతూనే ఉంటుంది. పైగా ఎర్ర చుక్క వెలిగినా చూసేవాడు ఉండాలి. నెలకోసారి నంబరు వారీగా చుక్కల రంగు రిజిస్టరులో రాసే మనిషిని పేరు పెట్టి నియమించకపోతే సెల్ఫ్ టెస్టుకు పెట్టిన అదనపు డబ్బు వృథా. వైరింగ్ తప్పును ఇదీ పట్టలేదు, ఎందుకంటే పరీక్షంతా లైటు లోపలే జరుగుతుంది. బిగించిన రోజు ఒకసారి, వైరింగ్ మార్చిన ప్రతిసారీ ఎంసీబీ దించి చూడాల్సిందే.

సెంట్రల్ బ్యాటరీ

జిల్లా దవాఖానలు, మెడికల్ కాలేజీలు, సమీకృత కలెక్టరేట్ల లాంటి పెద్ద భవనాలకు దీన్ని మించింది లేదు. బ్యాటరీలన్నీ ఒకే చల్లని గదిలో ఉంటాయి కాబట్టి ఎండ బాధ పోతుంది. పరీక్ష ఆ బ్యాటరీలను నడిపే కంట్రోల్ ప్యానెల్ దగ్గరే జరుగుతుంది, వార్డుల్లో లైట్లు ఆపనక్కర్లేదు. రోగులున్న చోట ఇదే పెద్ద లాభం.

అయితే దీనికి మూడు షరతులు. లైట్లకు పోయే కేబుల్ మంటలో కూడా కరెంటు మోసే ఫైర్ సర్వైవల్ రకం కావాలి. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అని రాసి ఉన్న కేబుల్ మంటను పాకనివ్వదు, పొగ తక్కువ ఇస్తుంది, అంతే. మంటలో అది పనిచేస్తుందని కాదు. టెండర్లలో ఈ రెండూ తారుమారవుతుంటాయి. రెండో షరతు, ప్రతి అంతస్తు లైటింగ్ బోర్డులో ఫేజు పోయిందని ప్యానెల్‌కు చెప్పే రిలే ఉండాలి. అది లేకపోతే ఒక అంతస్తు మాత్రమే చీకటైనప్పుడు, భవనం మెయిన్‌లో కరెంటు ఉందని ప్యానెల్ ఊరుకుంటుంది. మూడోది, వరుసగా కలిపిన బ్యాటరీల్లో ఒక్కటి చచ్చినా బ్యాంకంతా కూలుతుంది, కాబట్టి రెండు స్ట్రింగులుగా, అంటే రెండు వేర్వేరు వరుసలుగా పెట్టించుకోవాలి. పరీక్ష నడుస్తుండగా ఒక్కో 12 వోల్టుల బ్యాటరీ వోల్టేజీ విడివిడిగా కొలవాలి. మిగతావన్నీ 12 దగ్గరుండి ఒకటి 10.5 కిందికి జారితే దాన్ని ఆ వారంలోనే మార్చాలి. బ్యాటరీ గది ఏసీ చెడిపోతే అది చిన్న ఫిర్యాదు కాదు, భవనమంతటికీ సంబంధించిన రిపేరు.

మరి ఏది?

ఇరవై ముప్పై లైట్ల ఫంక్షన్ హాలుకు, చిన్న సినిమా హాలుకు మామూలు సొంత బ్యాటరీ లైట్లే చాలు. మిగిలిన డబ్బు నికెల్ కాడ్మియం సెల్లకూ, జోన్‌కొక టెస్ట్ కీ స్విచ్చుకూ పెట్టండి. కీ తిప్పితే ఆ జోన్ ఎమర్జెన్సీ లైట్లకు మాత్రమే కరెంటు ఆగుతుంది, ఏడాది పరీక్ష ఒక్కడే చేయగలడు. లైటింగ్ ఎంసీబీలు మాత్రం బిగించినప్పుడు, ఆ తర్వాత ఏడాదికోసారి దించి చూడాలి. హాస్టళ్లు, కాలేజీలు, నాలుగైదు అంతస్తుల లాడ్జిలకు సెల్ఫ్ టెస్ట్. జనం ఇరవై నాలుగు గంటలూ ఉండి, విద్యుత్ పని చూసే సొంత సిబ్బంది ఉన్న దవాఖానకు సెంట్రల్ బ్యాటరీ. సిబ్బంది లేని చోట సెంట్రల్ బ్యాటరీ పెట్టడం మూడింటిలోకీ చెడ్డ ఎంపిక, ఎందుకంటే మిగతా రెండింటిలో ఒక లైటు పోతే ఒక్క మూలే చీకటవుతుంది.

ఏది పెట్టినా రిజిస్టరులో ఈ గడులుండాలి: లైటు నంబరు, బ్యాటరీ మార్చిన తేదీ, ఎన్ని సెకన్లలో వెలిగింది, ఎన్ని నిమిషాలు నిలిచింది, ఎవరు చూశారు. బ్యాటరీ మార్చిన రోజే తేదీని మార్కర్‌తో బ్యాటరీ మీదా రాయాలి. ఇక హాళ్లలో ప్రతి పెళ్లికి ముందు, డెకరేషన్ వాళ్లు పని ముగించి వెళ్లాక ఒకసారి తిరగండి. బంతిపూల దండ కిందనో మండపం గుడ్డ వెనకనో ఎగ్జిట్ బోర్డు కనబడకుండా పోయి ఉంటే జనం రాకముందే తీయించాలి.