పార్కింగ్ గచ్చు పగుళ్లు, జాయింట్లు అన్నీ ఒకే ముద్దతో పూడ్చేస్తామనేవాళ్లతో జాగ్రత్త

వానలు పడేలోపు ఇంటి చుట్టూ ఉన్న కాంక్రీటు గచ్చుకు, పార్కింగ్‌కు రిపేరు చేయించాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదివి, ఆ తర్వాతే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. పైగా ఇదే పద్ధతిలో పనిచేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ పద్ధతి ఎలా ఉంటుందో తెలిస్తే ఎవరు వచ్చినా గుర్తుపట్టగలరు.

మా ఇల్లు గుంటూరు శివార్లలో, నల్లరేగడి నేల మీద ఉంది. గేటు నుంచి ఇంటి వెనక దాకా నాలుగంగుళాల మందం కాంక్రీటు. అందులో రెండు రకాల సందులున్నాయి. కాంక్రీటు వేసినప్పుడే పలకకూ పలకకూ మధ్య, గోడ వెంబడి వదిలిన జాయింట్లు ఒక రకం. ఏళ్లు గడిచే కొద్దీ తనంతట తాను విచ్చిన పగుళ్లు ఇంకో రకం. ఏజెన్సీ నుంచి వచ్చిన అతను ఈ రెండింటినీ విడిగా చూడనే లేదు. టేపు పట్టి మొత్తం గచ్చును చదరపు అడుగుల్లో కొలిచి, "క్రాక్ ఫిల్లింగ్, పైన కోటింగ్, అయిదేళ్ల గ్యారంటీ" అని ఒకే రేటు చెప్పాడు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా కొలిస్తే అక్కడే ఆపి అడగండి. జాయింటుకైనా పగులుకైనా పని జరిగేది దాని పొడవునా, కాబట్టి కొలత రన్నింగ్ ఫుట్‌లో ఉండాలి. చదరపు అడుగుల్లో కొలుస్తున్నారంటే వాళ్లు అమ్ముతున్నది పైన వేసే రంగును.

పని ఎలా చేశారో చెబుతాను. చీపురుతో పైపైన ఊడ్చారు. గ్రైండర్ గానీ, బ్లోయర్ గానీ, వైరు బ్రష్ గానీ తేలేదు. లేబుల్ లేని బకెట్‌లోంచి తెల్లటి ముద్ద తీసి, పుట్టీ బ్లేడుతో పగుళ్లలోనూ జాయింట్లలోనూ ఒకేలా రాసుకుంటూ పోయారు. అమ్మ దగ్గరే నిలబడి "లోపల మట్టి అలాగే ఉంది కదయ్యా" అంటే, "మెటీరియల్ పట్టేసుకుంటుందమ్మా, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. గోడ వెంబడి ఉన్న సందులో మాత్రం ట్యూబు గన్‌తో ఏదో వేశారు. ఘాటుగా వెనిగర్ వాసన వచ్చింది. చివర్లో అన్నిటి మీదా బూడిద రంగు కోటింగ్ రోలర్‌తో కొట్టేసరికి ఎక్కడ పూడ్చారో, ఎక్కడ వదిలేశారో కనిపించకుండా పోయింది. ఆ సాయంత్రం చూసినవాళ్లంతా బాగుందన్నారు.

నాలుగు గట్టి వానలు పడ్డాక గోడ వెంబడి వేసిన పట్టీ ఒక చివర పట్టుకుని లాగితే నాడాలా మొత్తం చేతికి వచ్చేసింది. వెనక్కి తిప్పి చూస్తే అడుగున సన్నటి మట్టి పొర నిండుగా అంటుకుని ఉంది. అంటే అది పట్టుకున్నది దుమ్మునే, కాంక్రీటును కాదు. గచ్చు మీద నీళ్లన్నీ ఆ సందులోంచి పునాది పక్కకు దిగుతున్నాయి. గేటు దగ్గరి జాయింట్లలో వేరే నష్టం జరిగింది. అక్కడ ముద్ద రాయిలా గట్టిపడింది. ఎండలు ముదిరాక జాయింటు అంచులే పెచ్చులుగా లేచాయి, పక్కనే కొత్త పగులు పుట్టింది. రిపేరుకు ముందు అక్కడ అంచులు శుభ్రంగా ఉండేవి. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

ఎందుకిలా అయిందో కాస్త వివరంగా రాస్తాను, మీకు బేరం చేసేటప్పుడు పనికొస్తుంది. కాంక్రీటు వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. డిగ్రీకి మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు. చూడ్డానికి ఏమీ కాదు. కానీ డిసెంబరు తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ గచ్చు వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే, పది మీటర్ల పొడవుకు అది 4 మిల్లీమీటర్లవుతుంది. ఆ కదలికకు చోటివ్వడానికే జాయింటు ఉంది. అందులో సిమెంటు, వైట్ సిమెంటు, గట్టి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) లాంటివి కూరితే పలక సాగడానికి దారి ఉండదు, అంచుల మీద ఒత్తిడి పడి పెచ్చులు లేస్తాయి. చలికాలంలో పలక ముడుచుకుంటే అదే ముద్ద ఒక పక్క విడిపోతుంది. ఏ కంపెనీ ఎపాక్సీ అయినా సరే, కదిలే జాయింటుకు పనికిరాదు. ఎపాక్సీ పనికొచ్చేది ఇక కదలదని తేలిన పగులుకు. ఆ వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గాజుకు, వాష్‌బేసిన్ అంచులకు వాడేది. ఎండేటప్పుడు దాంట్లోంచి వచ్చే ఆమ్లానికీ కాంక్రీటులోని క్షారానికీ పడదు, అతుకు నిలవదు.

జాయింటుకు కావలసింది సాగే గుణమున్న సీలెంటు, అంటే సందులోకి నీళ్లు దిగకుండా మూసే ముద్ద. పాలీయురేథేన్, అంటే దుకాణాల్లో పీయూ సీలెంట్ అని అడిగేది, లేదా పాలీసల్ఫైడ్. ముందు పాత ముద్దంతా గ్రైండర్‌తో కోసి తీయాలి, రెండు పక్కలా గట్టి కాంక్రీటు బయటపడాలి, బ్లోయర్‌తో దుమ్ము పోవాలి, పూర్తిగా ఆరాలి. ఆ తర్వాత సందులో బ్యాకర్ రాడ్ దించాలి. అది నురుగుతో చేసిన గుండ్రటి తాడు, సందు కన్నా పాతిక శాతం లావుది తీసుకుంటే బిగుతుగా కూర్చుంటుంది. దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. తాడు లేకపోతే సీలెంటు రెండు పక్కలతో పాటు అడుగున కూడా అంటుకుంటుంది, అప్పుడు సాగలేక చిరిగిపోతుంది. తాడుంటే రెండు పక్కలే పట్టుకుని, పలకలు దూరమైనప్పుడు సాగి, దగ్గరైనప్పుడు ముడుచుకుంటుంది. సీలెంటు కంపెనీ ప్రైమర్, అంటే అతుకు బాగా పట్టడానికి ముందుగా పూసే ద్రవం, వాడమని చెబితే అదీ వేయాలి. చిన్న సందుల్లో సీలెంటు లోతు వెడల్పుకు మించకూడదు. మరీ లోతుగా నింపడం కూడా తప్పే.

మెటీరియల్ లెక్క మీరే వేసుకోవచ్చు. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల లోతు ఉన్న సందుకు 600 మిల్లీలీటర్ల ప్యాకు ఒకటి 6 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు వస్తుంది. 200 అడుగుల జాయింటుకు పది ప్యాకులు కావాలి. రెండో మూడో ప్యాకులు పట్టుకొచ్చి అంతా పూర్తయిందంటే మిగతాది దేనితో నింపారో అడగండి. ఖాళీ ప్యాకులు మీ ఇంట్లోనే వదిలి వెళ్లమనండి, వాటి మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోటో తీసి పెట్టుకోండి. పీయూ గాలిలోని తేమతో రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది, కాబట్టి కొన్ని రోజులు కారు దాని మీదకు ఎక్కించకండి. సాయంత్రమే కారు పెట్టుకోవచ్చని చెప్పినవాళ్లకు తాము వాడే సరుకు గురించే తెలియదు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఈ పని చేయించకండి. అప్పుడు సందు బాగా ఇరుకై ఉంటుంది, చలికాలంలో అది విచ్చుకునేటప్పుడు సీలెంటు మీద లాగుడు ఎక్కువవుతుంది. ఎండ అంతగా లేని పూట, తడి లేని రోజు చూసుకోండి.

ఇక పగుళ్లు. వెంట్రుక వాసి పగుళ్లను చూసి భయపడి డబ్బు పెట్టకండి, చాలావరకు అవి పైపై ముడతలే. కాస్త పెద్ద పగులైతే ముందు అది కదులుతోందో లేదో తేల్చుకోవాలి. పగులు మీద అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాసి వదిలేయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసినా గాజు పగలకపోతే పగులు నిలబడిపోయినట్టే. దాన్ని గ్రైండర్‌తో కాస్త వెడల్పు చేసి ఎపాక్సీ గానీ పాలిమర్ మోర్టార్ గానీ వేయించవచ్చు. గాజు పగిలితే దానికీ జాయింటుకు చేసినట్టే సాగే సీలెంటు వేయాలి.

పగులుకు ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉంటే మాత్రం ఏ సీలెంటూ దాన్ని సరిచేయదు. అడుగున నేల దిగిందన్నమాట. మా వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న గచ్చు దాంతో పాటే లేచి దిగుతుంది. సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగితే కింద ఖాళీ ఉన్నట్టు. ఆ పలక వరకు పగలగొట్టి, రేగడి తీసేసి, గ్రావెల్ పోసి, పొరలు పొరలుగా నీళ్లు కొట్టి దిమ్మిస వేసి, మళ్లీ కాంక్రీటు పోయడమే దారి. మా గేటు దగ్గర పలకకు చివరికి అదే చేయించాం. కొత్త పలక వేసేటప్పుడు నాలుగంగుళాల మందానికి ఎనిమిది నుంచి పది అడుగులకొక జాయింటు పెట్టించండి. మిషన్‌తో కోసేదైతే మందంలో నాలుగో వంతు, అంటే ఒక అంగుళం లోతు, కాంక్రీటు వేసిన 24 గంటల్లోపే కోయాలి. గోడకూ గచ్చుకూ మధ్య తారు పట్టించిన ఫైబర్ బోర్డు నిలబెట్టించండి. క్యూరింగ్, అంటే కొత్త కాంక్రీటును తడిపి ఉంచడం దగ్గర మేస్త్రీలు మూడు రోజులు చాలంటారు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు 10 రోజులు, పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంట్) లాంటి మిశ్రమ సిమెంట్లకు 14 రోజులు తడి ఆరకూడదు. ఇళ్లకు ఇప్పుడు ఎక్కువగా వాడేది పీపీసీయే కాబట్టి 14 రోజులే లెక్క పెట్టుకోండి.

గ్యారంటీ సంగతికి వస్తే, మేం ఫోన్ చేసినప్పుడు "అది నేల కదలిక సార్, మా గ్యారంటీలో రాదు" అన్నారు. కదలికకు తట్టుకోవడానికే జాయింట్ ఫిల్లింగ్ చేయించుకుంటాం కదా అంటే సమాధానం లేదు. బిల్లు మీద మెటీరియల్ పేరు లేకపోవడం వాళ్లకు కలిసొచ్చింది. అందుకే కొటేషన్‌లోనే సీలెంటు రకం, కంపెనీ పేరు, జాయింటు వెడల్పు లోతు, బ్యాకర్ రాడ్, ప్రైమర్, రన్నింగ్ ఫుట్ రేటు, అతుకు ఊడితే ఎన్నాళ్లలోపు వచ్చి మళ్లీ చేస్తారు అన్నది రాయించండి. అడ్వాన్సు మెటీరియల్ వరకే ఇవ్వండి. కొంత సొమ్ము ఒక గట్టి వాన పడేదాకా ఆపుతామని ముందే చెప్పండి. పైన కోటింగ్ వేసేముందు పూడ్చిన ప్రతి జాయింటునూ మీరు చూడాలి, వీలైతే కోటింగే వద్దనండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే ఊరుకోకండి. ఇది వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవా లోపమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మేం బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు, ఊడివచ్చిన ఆ పట్టీ అన్నీ దాచాం. మీరు కూడా ఊడిన ముక్కలు పారేయకండి, తేదీ రాసి కవర్లో పెట్టుకోండి. ఆ ఏజెన్సీ మనిషినే మళ్లీ పిలిచి "పైన ఇంకో కోటు" వేయించుకోకండి. కింద ఏం జరిగిందో చూపించే ఆధారమంతా ఆ కోటు కింద మూసుకుపోతుంది.