కుడిచేతికే పుట్టిన చేతికర్ర

ఎత్తు అడ్జస్ట్ చేసుకోవడం, కింద రబ్బరు బుష్ అరిగితే మార్చుకోవడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తా. నా గొడవంతా పిడితోనే. అరచేతి ఆకారంలో వెడల్పుగా ఉండే పిడి ఉన్న కర్ర కొన్నేళ్లుగా వాడుతున్నా. నాది ఎడమ మోకాలు, కాబట్టి కర్ర కుడిచేతిలో (బాగోని కాలికి ఎదురు చేతిలోనే పట్టుకోవాలి, అయినా ఇప్పటికీ జనం ఆపి మరీ ఆ చేతిలో ఎందుకు పట్టుకున్నావంటారు). పాత వంకీ కర్రతో బరువంతా బొటనవేలి మొదట్లో పడి సాయంత్రానికి చెయ్యి తిమ్మిరెక్కేది, దీంతో ఆ బాధ పోయింది, బరువు అరచెయ్యంతా సర్దుకుంటుంది. కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే కొనమని చెప్పా.

అసలు సంగతి మెట్లు దిగేటప్పుడు తెలిసింది. రెయిలింగ్ కుడివైపు మాత్రమే ఉంది, ఎడమవైపు గోడ. సరే అని కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని కర్ర ఎడమ చేతికి మార్చా. ఈ పిడిని కుడిచేతి కోసమే మలిచారు, ఎడమ చేత్తో పట్టుకుంటే వేళ్ల గాడులు వేళ్లకి అందవు, ఉబ్బెత్తు అంచేమో వచ్చి సరిగ్గా బొటనవేలి కింద గుచ్చుకుంటుంది. కర్ర, ఎడమ కాలు కింది మెట్టు మీద పెట్టి బరువు ఆన్చేసరికి పిడి చేతిలోనే మెలితిరిగింది. రెయిలింగ్ ఉంది కాబట్టి నేను పడలేదు, కర్ర మాత్రం టకటకా చివరిదాకా వెళ్లిపోయింది. పైన నేను, కింద అది. ఎవరో కుర్రాడు చూసి తెచ్చిచ్చాడు, పాపం జాగ్రత్తగా నా ఎడమ చేతిలోనే పెట్టాడు.

ఎడమ చేతివి విడిగా దొరుకుతాయి గానీ, రెండు కర్రలు మోసుకు తిరిగే ఓపికే ఉంటే ఇదంతా ఎందుకు. మెట్లుంటాయని తెలిసిన చోటికి మామూలు టీ ఆకారం పిడి ఉన్న మడత కర్ర తీసుకెళ్తున్నా, అది జాయింట్ల దగ్గర కాస్త గలగలలాడుతుంది, చెయ్యి కూడా తొందరగా నొప్పెడుతుంది, కానీ ఏ చేతికైనా ఒకటే.

కాబట్టి ఎప్పుడూ ఒకే కాలు ఇబ్బంది, ఎక్కువగా చదునైన నేల మీదే నడక, పైగా చేతి నొప్పి కూడా ఉందంటే ఈ పిడి నిజంగా హాయి. నొప్పి కాళ్లు మారుతూ వచ్చేవాళ్లకి మాత్రం చెప్పలేను. నాకే ఈమధ్య పొద్దున్నే కుడి మోకాలు కూడా పట్టేస్తోంది, అది ముదిరితే నా మాట కూడా మారొచ్చు.